పెట్టెలో కోక

చేపల తట్ట దింపిన చోటికి కుక్కలు రాకుండా ఉంటాయా? ఏ చేపలమ్మి దగ్గరికైనా వస్తాయి. మిగతావాళ్ళు రాయి తీస్తారు, లేదంటే ఛీ పొమ్మంటారు. కళింగపట్నం దాలమ్మ మాత్రం ఓ చేప తలకాయ తీసి దూరంగా పడేస్తుంది. పడేసి మొహం తిప్పేసుకుంటుంది. ఒక్క కుక్కనీ నోరారా పిలవదు, ఒక్కదాని తలా నిమరదు. "అంత దయ ఉన్నదానివి, ఓపాలి దగ్గరికి పిలవొచ్చు కదేటే" అని ఎవరైనా అన్నారో, వాళ్ళని కొరికేసేలా చూస్తుంది. ఎందుకో తెలియాలంటే అరవై ఎనిమిదిలో శ్రీకాకుళం డాక్టరుగారూ ఆయన పెళ్ళామూ చేసిన నిర్వాకం చెప్పుకోవాలి. చెప్పేవాళ్ళకే ఒళ్ళు మండే సంగతి అది.

దాలమ్మకి మొగుడు పెళ్ళయిన కొత్తలోనే జ్వరం తగిలి పోయాడు. పిల్లల్లేరు. తెల్లవారి పడవలు ఒడ్డుకి చేరగానే వేలంపాటలో చేపలు కొనుక్కుని, తట్ట నెత్తినెత్తుకుని, మొదటి బస్సుకి శ్రీకాకుళం వెళ్ళేది. అక్కడ ఆవిడకి నాలుగు వీధులు. నాలుగంటే నాలుగే, కానీ అవి ఆవిడవి. చేపలమ్మే ఆడవాళ్ళ కట్టుబాటు అలాంటిది. ఒకరి వీధిలో ఇంకొకరు కేకెయ్యకూడదు. అత్త కోడలికిస్తుంది, అక్క చెల్లెలికిస్తుంది. ఇచ్చిందంటే ఇచ్చిందే, మళ్ళీ నాదనడానికి లేదు. రైతుకి పొలం ఎంతో వీళ్ళకి వీధి అంత.

ఆ వీధుల్లో ఒకదాని చివర డాక్టరు నరసింగరావుగారిల్లు. ఆయన భార్య నీలవేణి. వాళ్ళకీ పిల్లల్లేరు, రోజర్ అని గోధుమరంగు ఆల్సేషన్ కుక్క ఉండేది. ఎవరో రైల్వే ఆఫీసరు బదిలీ మీద వెళ్తూ పిల్లగా ఇచ్చిపోయాడు. దాలమ్మ రోజూ వరండాలో తట్ట దింపి, నెత్తళ్ళని వేలెడేసి చేపలుంటాయే, అవి ఓ నాలుగు దాని ముందు పెట్టేది. అది తిని, ఆవిడ కోక కొంగు మీద తల పెట్టుకుని పడుకునేది. ఇంట్లో పాలూ రొట్టే వెండి గిన్నెలో పెట్టినా మూతి తిప్పే కుక్క, దాలమ్మ కేక వీధి మొదట్లో వినపడితే చాలు, గేటు మీదికి ఎగిరేది. ఆవిడ దాన్ని రోజర్ అనేది కాదు. "ఒరే గుంటడా" అనేది, కన్నకొడుకుని పిలిచినట్టు. కడుపున పుట్టకపోయినా గుంటడు గుంటడే కదా!

మోసి మోసి దాలమ్మ నడినెత్తిన జుట్టు ఊడిపోయింది. ఒకరోజు డాక్టరుగారే ఆవిణ్ణి వరండాలో కూర్చోబెట్టి మెడ తడిమి చూశారు.

"దాలమ్మా, మెడ ఎముక అరిగిపోయింది. ఇంకా తట్ట మోస్తే ఆ కుడిచెయ్యి పడిపోతుంది."

"తట్ట దించీస్తే కడుపెలా నిండుతాది బాబూ?" అని నవ్వేసింది దాలమ్మ. నవ్వింది గానీ, అప్పటికే రాత్రుళ్ళు ఆ చెయ్యి తిమ్మిరెక్కి ఉందో లేదో తెలిసేది కాదు.

ఆ ఏడే డాక్టరుగారికి జాంబియాలో ఉద్యోగమొచ్చింది. ఆఫ్రికాలో ఉందట ఆ దేశం. రైల్లో మద్రాసు మీదుగా బొంబాయి వెళ్ళి, అక్కడ విమానం ఎక్కాలి. నీలవేణమ్మ ఒకటే పట్టు. రోజర్ రాకపోతే తనూ రానంది. సరే, డాక్టరుగారు కనుక్కున్నారు. కుక్కని తీసుకెళ్ళొచ్చు. అయితే గాలి ఆడే చెక్కపెట్టెలో పెట్టి, విమానం కడుపులో సామాన్ల దగ్గర ఉంచుతారు. అది నెమ్మదిగా కూర్చుంటేనే ఎక్కించుకుంటారు. పెట్టె గీరి, రక్కి, అరిచి గోల చేస్తే దింపేస్తారు.

వడ్రంగిని పిలిచి పెట్టె చేయించారు. రోజర్‌ని అందులోకి తోసిన రోజు చూడాలి! కంపౌండరు ఎర్రన్నా డాక్టరుగారూ కలిసి తోస్తే, తలుపు వేసీ వెయ్యగానే అది లోపల పిచ్చెత్తినట్టు కొట్టుకుంది. మూతి చీరుకుపోయింది. తలుపు తీస్తే ఒక్క దూకున వచ్చి, అప్పుడే గేట్లో అడుగుపెట్టిన దాలమ్మ కోక చాటున దూరింది. ఆవిడ తట్ట దింపి, కొంగుతో దాని నెత్తురు తుడిచింది. కుక్క వణుకు తగ్గి, ఆవిడ ఒళ్ళో తలపెట్టుకుంది.

నీలవేణమ్మ కళ్ళొత్తుకుంటూ అంది. "నువ్వుంటే చాలు దానికి. నువ్వూ మాతో వచ్చెయ్ దాలమ్మా!"

"నానా? ఇమానంలోనా?"

అప్పుడు డాక్టరుగారు పెట్టె వంక చూశారు, కుక్క వంక చూశారు, దాలమ్మ వంక చూశారు. "మంచి మాటే. అక్కడ వంటకి మనిషి కావాలి. నీకు తట్ట మోసే బాధ తప్పుతుంది. కాయితాల సంగతి నేను చూసుకుంటాను. నువ్వు మాత్రం ఈ చేపల వ్యాపారం మానేసి, బయల్దేరేదాకా ఇక్కడే ఉండి, దీనికి పెట్టె అలవాటు చెయ్యి," అన్నారు. ఆవిడ అడగలేదు. ఆయనే అన్నారు. ఆ మాట మరిచిపోకూడదు.

మర్నాడు ఒడ్డున, నలుగురు ఆడవాళ్ళ ఎదుట, దాలమ్మ తన తట్టా, తన నాలుగు వీధులూ తోడికోడలు జగ్గమ్మకి ఇచ్చేసింది. జగ్గమ్మ తట్ట కళ్ళకద్దుకుని, అంతలోనే నోరు నొక్కుకుంది.

"ఓలప్పో! కుక్కతోక పట్టుకుని గోదారీదినట్టని సామెత ఇన్నాను గానీ, నువ్వు కుక్కతోక పట్టుకుని సముద్రమే దాటీస్తన్నావేటప్పా!"

"ఈదితే కదేటే మునగడం! నానెగిరెల్తన్నాను," అంది దాలమ్మ. ఒడ్డంతా నవ్వులే నవ్వులు. పోలమ్మ తల్లికి కోడిని కూడా మొక్కుకుంది పిచ్చిది.

ఇక పెట్టె చదువు మొదలెట్టింది. తన పాత కోక ఒకటి, ఎన్నిసార్లు ఉతికినా నీచువాసన వదలనిది, మడతేసి పెట్టె అడుగున పరిచింది. రోజర్ మొదట మూతి పెట్టి వాసన చూసింది, అంతే. దాలమ్మ తనే తల దూర్చి, సగం ఒళ్ళు పెట్టెలో పెట్టి పడుకుని చూపించింది. "సూడ్రా, నన్నేటైనా తినీసిందేటి?" అంది. నీలవేణమ్మ పకపకా నవ్వింది. కొన్నాళ్ళకి కుక్క లోపలికెళ్ళి ఆ కోక మీద ముడుచుకునేది. తరవాత తలుపు వేసినా ఊరుకునేది. చివరికి తలుపు తీసినా, దాలమ్మ "రా గుంటడా" అనేదాకా కదిలేది కాదు. ప్రతిసారీ గడియ పెడుతూ ఆవిడ ఒకటే మాట చెప్పేది. "బయమెందుకురా, నానూ నీతో వస్తన్నాను కదేటి."

ఒకరోజు పశువుల డాక్టరొచ్చి రోజర్‌కి సూది వేశాడు. పై దేశం వెళ్ళేవాళ్ళందరికీ సూదులు తప్పవట. అయ్యగారూ అమ్మగారూ కూడా వేయించుకున్నారు. దాలమ్మ భుజం మీద రవిక పైకి జరుపుకుని నిలబడింది.

"మరి నాకో బాబూ?"

"నీకు బొంబాయిలో," అన్నారు డాక్టరుగారు, పేపరు లోంచి తలెత్తకుండా.

ఎర్రన్న గొంతు సవరించుకుని ఏదో పనున్నట్టు పెరట్లోకి వెళ్ళిపోయాడు. దాలమ్మకి అనుమానం రాలేదా అంటే, వచ్చింది. కానీ మెడ చూసి మంచి చెప్పిన మనిషి మోసం చేస్తాడని ఎలా అనుకుంటుంది? అంత పెద్దమనుషులకి చేపలమ్మితో అబద్ధమాడే అవసరమేమిటని తనకి తనే సర్దిచెప్పుకుంది.

బయల్దేరే రోజు మధ్యాహ్నం ఆమదాలవలస స్టేషన్. దాలమ్మ కొత్త కోక కట్టింది. మూటలో రెండు కోకలు, ఓ సీసా పచ్చడి, గుడ్డలో కట్టిన ఎండునెత్తళ్ళు. ఆ దేశంలో గుంటడికి దొరుకుతాయో దొరకవో అని. మద్రాసు మెయిలొచ్చింది. ఆ చప్పుడికి రోజర్ బెదిరి, పెట్టె ఎక్కనని నాలుగు కాళ్ళూ తన్నిపట్టింది. నీలవేణమ్మ కంగారుగా "దాలమ్మా, దాలమ్మా" అంది. దాలమ్మ వంగి దాని చెవిలో ఎప్పటి మాటే చెప్పింది. "నానూ వస్తన్నాను కదేటి, పద నాయినా." అంతే, లోపలికెళ్ళి కోక మీద ముడుచుకుంది. ఆవిడే గడియ పెట్టింది. కూలీలు పెట్టెని రైలు చివర గార్డు ఉండే బ్రేకు వ్యానులోకి ఎక్కించారు. వెనకాలే దాలమ్మ మూట విసిరి, తనూ ఎక్కింది.

"ఏయ్, దిగు దిగు," అన్నాడు గార్డు. "కుక్కకే బుక్ చేశారు. నువ్వెవరు?"

"దీనితో ఎల్తన్నాను బాబూ. జాంబియా. డాక్టరుబాబుని అడుగు."

గార్డు, పెట్టె ఎక్కించడానికొచ్చిన ఎర్రన్న వంక చూశాడు. ఎర్రన్న నేల వంక చూశాడు. దాలమ్మ మూట తీసుకుని దిగి, ఫస్టుక్లాసు బోగీ దగ్గరికి పరిగెత్తింది. డాక్టరుగారు కిటికీ దగ్గర గడియారం చూసుకుంటున్నారు.

"బాబూ, ఆ గార్డు నన్ను దిగిపొమ్మంటన్నాడు!"

"అదీ... నీ కాయితాలు రాలేదు దాలమ్మా. మేం వెళ్ళాక పిలిపిస్తాంలే."

"రాలేదని ఎప్పుడు తెల్సింది బాబూ?"

ఆయన మళ్ళీ గడియారం చూసుకున్నారు. దాలమ్మ నీలవేణమ్మ వంక తిరిగింది. "నువ్వు సెప్పమ్మా. కాయితాలు పెట్టేరా, అసలు పెట్టనేలేదా?"

నీలవేణమ్మ కళ్ళనిండా నీళ్ళు. నిజంగా నీళ్ళే, దొంగ ఏడుపు కాదు. "నీతో చెప్పేస్తే నువ్వు వెళ్ళిపోతావని ఈయన అన్నారు. రోజర్ నీ మాట తప్ప వినదు కదా దాలమ్మా. ఇంకేం చెయ్యమంటావు?"

విన్నారా! ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళని చూశాం. వీళ్ళు కొరివి ముందే పట్టుకుని తెప్ప కట్టించుకున్నారు. దాలమ్మ కిటికీ కమ్మీలు పట్టుకుంది.

"నా ఈదులు ఇచ్చీసేను కదమ్మా! నా మెడ సంగతి బాబుకి తెలుసు కదా! ఆయన సేత్తోనే సూసేరు కదా!"

నీలవేణమ్మ కిటికీలోంచి రోజర్ వెండి గిన్నె చాపింది. "ఇది నీ దగ్గరుంచుకో. దాని గుర్తుగా."

దాలమ్మ ఆ గిన్నె ముట్టుకోలేదు. "నా కోక నాకిచ్చీండి," అంది.

డాక్టరుగారు తుళ్ళిపడ్డారు. కోక తీసేస్తే కుక్క పెట్టెలో ఉండదని ఆయనకి తెలుసు. బొంబాయి దాకా ఎందుకు, వాల్తేరు చేరకముందే పెట్టె విరగ్గొట్టుకుంటుంది. "దాలమ్మా, ఆగు, నీకు కొత్త కోక కొంటాను," అని కిటికీలోంచి అరిచారు. ఆవిడ అప్పటికే బ్రేకు వైపు నడుస్తోంది.

గార్డు ఆ మొహం చూసి అడ్డం చెప్పలేదు. దాలమ్మ ఎక్కి గడియ తీసింది. తలుపు తెరుచుకుంది. రోజర్ తోకాడించింది గానీ బయటికి రాలేదు. ఆవిడ చెప్పినట్టే, ఆవిడ నేర్పినట్టే, "రా గుంటడా" అనే మాట కోసం మొహంలోకి చూస్తూ కూర్చుంది. ఆ ఒక్క మాట అంటే చాలు, దూకేసి ఆవిడ వెంట కళింగపట్నం దాకా వచ్చేస్తుంది. అప్పుడు చూడాలి డాక్టరుగారి మొహం! దాలమ్మ కోక అంచు పట్టుకుంది. పట్టుకుంటే దాని మూతి మీద పాత దెబ్బ మచ్చ చేతికి తగిలింది. రప్పిస్తే మాత్రం ఏమవుతుంది? నలుగురూ కలిసి లాక్కొచ్చి, కోక లేకుండా మళ్ళీ ఇందులోనే తోస్తారు. మేకులకి మూతి చీరుకుంటూ పోతుంది.

ఆవిడ దాని రెండు చెవులూ పట్టుకుంది.

"నాను రాన్రా," అంది. "ఆల్లు నాకు అబద్దమాడేరు. అదే అబద్దం నీకాడమని నా నోటికిచ్చేరు. నాను నిజమనుకునే సెప్పేన్రా గుంటడా, నిజమనుకునే సెప్పేను."

అది ఆవిడ చెయ్యి నాకింది. దాలమ్మ మూట విప్పి, ఎండునెత్తళ్ళు కోక మడతల్లో పోసి, కోక సరిచేసి, గడియ పెట్టి దిగింది. ఈసారి మాత్రం వస్తున్నానని అనలేదు. ఆ మాట లేనందుకో ఏమో, రైలు కదిలాక పెట్టెలోంచి అరుపు మొదలైంది. పెట్టె కనపడనంత దూరం వెళ్ళాక కూడా ప్లాటుఫారమ్మీదికి వినపడుతూనే ఉంది.

వీధులు తిరిగి ఇమ్మని దాలమ్మ అడగలేదు. అడిగినా కట్టుబాటు ఒప్పుకోదు. జగ్గమ్మే, పాపం, తట్ట తెచ్చి గుమ్మంలో పెట్టి, "తట్ట తీస్కో అప్పా. ఈదులు మాత్రం ఇవ్వలేను, నా గుంటలున్నారు," అంది. దాలమ్మ తట్ట తీసుకుంది. బస్సు దిగి ఇంకా నడవాల్సిన ఊళ్ళు పట్టుకుంది, ఎవరూ కేకెయ్యని ఊళ్ళు. కుడిచెయ్యి డాక్టరుగారు చెప్పినట్టే పడిపోయింది. ఇప్పుడు ఎడం చేత్తో తట్ట పట్టుకుని మోస్తుంది. ఆయన వైద్యంలో మాత్రం అబద్ధమాడలేదు.

జాంబియా నుంచి కబురేమీ రాలేదు. కుక్క విమానం ఎక్కిందో, బొంబాయిలోనే దింపేశారో, ఎర్రన్నకి కూడా తెలియదు.

మొన్నామధ్య గార ఊరు దాటి ఓ పల్లెలో తట్ట దింపితే, ఓ ఎర్ర కుక్కపిల్ల వచ్చి ఆవిడ కోక కొంగు మీద తల పెట్టుకుని పడుకుంది. బేరానికొచ్చిన అమ్మ ముచ్చటపడి, "నీ ఎంట వచ్చీసేలా ఉన్నాది, పిలిసి తీస్కుపోరాదేటి?" అంది. దాలమ్మ కొంగు లాగేసుకుంది. తలకాయ ఒకటి తీసి దూరంగా పడేసింది.

"నాను పిలిస్తే వచ్చినోడొకడున్నాడమ్మా," అంది. "ఆడేటయ్యాడో నాకే తెల్దు."