ఒక్క ఫిర్యాదూ రాలేదు

మా తమ్ముడు నోట్లో నాలుక లేనివాడు. ఆఫీసులో వాణ్ణి "మూలాయన" అంటారట, కూర్చునేది కిటికీ లేని మూల కాబట్టి. ఆ మాట వాడే నవ్వుతూ చెప్పాడు. నాకు మాత్రం ఒళ్లు మండింది.

వాడు చేసే పనేమిటో అర్థం కావడానికి నాకు చాలా ఆదివారాల ఫోన్లు పట్టాయి. ఫోన్ స్పీకర్లో పెట్టి, పొయ్యి దగ్గర వంట చేసుకుంటూ వినేదాన్ని. వాళ్ల కంపెనీలో జావా ప్రోగ్రాములు రాసే జట్లు బోలెడున్నాయి. ఒక్కో జట్టు రాసిన ముక్కలన్నిటినీ కూడగట్టి, పరీక్షించి, మూటగట్టే పని గ్రేడిల్ అనే సాధనం చేస్తుంది. దాన్నే బిల్డ్ అంటారు. ఆ బిల్డ్ ఎలా జరగాలో ఏ జట్టుకు ఆ జట్టే రాసుకోవడంతో ఎవరి గోల వాళ్లది. అందరికీ పనికొచ్చేలా, గ్రేడిల్‌కు తగిలించుకునే ఒక ప్లగిన్ మావాడు తయారు చేశాడు. తమ ఫైల్లో ఒక్క వరుస చేర్చుకుంటే చాలు, మిగతా చాకిరీ అంతా అదే చూసుకుంటుంది. చెయ్యమని వాణ్ణి ఎవరూ అడగలేదు. మేనేజరు "చేస్తే చెయ్యి" అన్నాడంతే.

వేసవంతా దానిమీదే కూర్చున్నాడు. ఏ తప్పు జరిగితే తెరమీద ఏ మాట కనిపించాలో నాకు చదివి వినిపించేవాడు. "ఇలా అంటే కసురుకున్నట్టు ఉంటుందా అక్కా?" అని అడిగేవాడు. ఎదురుగా మనిషిని కూర్చోబెట్టుకుని మాట్లాడినట్టే రాశాడు పాపం.

పూర్తయ్యాక అన్ని జట్లకూ మెయిలు పంపాడు.

"ఎవరైనా వాడుతున్నార్రా?" అని అడిగేదాన్ని.

"వాడుతూనే ఉంటారక్కా. ఒక్క ఫిర్యాదూ రాలేదు. అంటే బాగా పనిచేస్తున్నట్టే కదా."

"బాగుందని ఒక్కరైనా అన్నారా?"

"బాగా నడిచేదాని గురించి ఎవరు మాట్లాడతారక్కా?"

ఆ తృప్తితోనే కొత్త వెర్షన్లు చేశాడు. చేసిన ప్రతిసారీ మెయిలు పెట్టేవాడు. అవతలినుంచి ఉలుకూ పలుకూ ఉండేది కాదు. అద్దెగదిలో ఒక్కడే కూర్చుని తింటున్నప్పుడు, ఎక్కడో ఎవరో తన ప్లగిన్‌తో పని చేసుకుంటున్నారనుకుంటే తోడున్నట్టు ఉండేదట.

ఈ మధ్య వాడి లాప్‌టాప్ పాడైతే ఆఫీసువాళ్లు కొత్తది ఇచ్చారు. అందులో బిల్డ్ నడిపితే, అలాంటి ప్లగిన్ దొరకలేదని వచ్చింది. ఎవరో తీసేశారనుకుని మొదట మండిపడ్డాడు. తీరా వెతికితే, అది అందరికీ దొరికే చోట ఎప్పుడూ లేనేలేదు. ప్లగిన్ అందరికీ అందాలంటే రిపోజిటరీ అనే ఆఫీసు ఉమ్మడి నిల్వకు పంపాలి. పంపేముందు సరిచూసుకోవడానికి, సొంత మెషీన్లోనే ఉంచుకునే ఆదేశం ఇంకొకటి ఉంటుంది. మావాడు ప్రతిసారీ ఆ రెండోదే ఇచ్చాడు. వాడి పాత మెషీన్ ముందు తన దగ్గరున్నదే చూసుకుంటుంది కాబట్టి, అక్కడ అంతా లక్షణంగా నడిచింది.

"పోనీలేరా, నువ్వు రాసిందంతా ఆఫీసు సర్వర్లో భద్రంగానే ఉందన్నావుగా. ఇప్పుడు పంపు," అన్నాను.

"నా పొరపాటు గురించి కాదక్కా బాధ. ఒక్కరంటే ఒక్కరు ఆ వరుస పెట్టి చూసినా, దొరకలేదని వచ్చేది. ఇదేమిటని నన్ను అడిగేవాళ్లు. ఎవరూ పెట్టి కూడా చూడలేదు."

నాకు ఎవర్నైనా నాలుగు తిట్టాలనిపించింది గానీ, ఎవర్ని తిట్టాలో తెలియలేదు.

ఈసారి సరైన చోటికే పంపాడు. మళ్లీ మెయిలు రాయబోయి, ఆగి, పై అంతస్తుకు వెళ్లాడు. ఎన్నడూ పలకరించని జట్టు అది. "ఇదొకసారి పెట్టి చూస్తారా?" అని అడిగాడట. ఆ మాట అడగడానికి మెట్ల దగ్గర ఎంతసేపు తచ్చాడి ఉంటాడో నాకు తెలుసు. వాళ్లలో ఒకమ్మాయి సరేనంది.

మర్నాడు నేను వంటలో ఉండగా ఆఫీసు నుంచే ఫోన్ చేశాడు.

"అక్కా, తిట్టింది! మీ ప్లగిన్ పెట్టగానే మా బిల్డ్ ఆగిపోయింది, ఇదేం గోలండీ, వెంటనే పైకి రండి అంది!"

లాటరీ తగిలినవాడిలా చెప్పుకుపోతున్నాడు. తప్పు వాడిదేనట. ఆ అమ్మాయి పక్కన కుర్చీ వేసుకుని సరిచేశాడట. ఈలోగా వాళ్లు టీ కూడా తెప్పించారట. వాడి సంబరం విని నాకూ నవ్వొచ్చింది.

"సరే గానీ, నువ్వెలా ఉన్నావురా?" అన్నాను. ప్రతి ఆదివారం అడిగే మాటే అది. "బాగున్నానక్కా" అని వాడు ఠక్కున అనేవాడు, నేను నా పనిలో పడిపోయేదాన్ని.

ఈసారి ఠక్కున అనలేదు.

"బాగాలేదక్కా," అన్నాడు. "చాలా రోజుల్నుంచి బాగాలేదు."

పొయ్యి కట్టేశాను. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, అక్కడే నేలమీద కూర్చున్నాను.

"చెప్పరా," అన్నాను. "అంతా చెప్పు."