పందిరికి వేలాడిన రెండు సైకిళ్ళు

మా పెద్దనాయన పోయాడు. ఆదివారం పొద్దున చిక్కబళ్ళాపురం పక్కన గుట్ట మీద నిలబడి, హెల్మెట్ బిగించుకుని సైకిలు మీద దిగబోతుంటే పెద్దమ్మ ఫోను చేసింది. "పెద్దనాయన లేడమ్మా. కాఫీ తాగి కుర్చీలో కూసున్నోడు కూసున్నట్లే పాయ" అంది. అక్కడే రాతి మీద కూలబడ్డాను. సిగ్గు విడిచి చెప్తున్నాను, ఏడుపు కంటే ముందు నాకొచ్చిన ఆలోచన ఇదీ: అయ్యో, ఇంకో మూడు వారాల్లో మా పందెం తేలాల్సి ఉంది కదా!

ఆ పందెం ఏమిటో చెప్పకపోతే ఆయన మీకు అర్థం కాడు.

చింతామణి దగ్గర పల్లెలో మా పెద్దనాయనకు ద్రాక్షతోట, తోట మొదట్లో రేకుల షెడ్డు. ఏళ్ళ తరబడి ట్రాక్టర్లూ జీపులూ బాగుచేసిన చెయ్యి ఆయనది. నేను హైస్కూలు పిల్లలకు సైన్సు చెప్తాను. ఆదివారం వస్తే మాత్రం గుట్టల మీది నుంచి సైకిలు మీద దిగుతాను. డౌన్‌హిల్ సైకిలు రోడ్డు మీద తొక్కడానికి పనికిరాదు. బండల మీదా గుండ్ల మీదా గుట్ట దిగడానికే చేసింది. ముందూ వెనకా జానెడు లోతు కుంగి లేచే సస్పెన్షన్ ఉంటుంది. నేను మొదటిసారి అలాంటి సైకిలు తెచ్చినప్పుడు ఇంట్లో అందరూ ఆడపిల్లకు ఈ దూకుళ్ళేమిటని సాధించారు. ఆయన ఒక్కడే దాని చుట్టూ మూడుసార్లు తిరిగి, సీటు మీద చెయ్యి వేసి బలంగా నొక్కి, "ఇది వంగేది యాడమ్మా?" అని అడిగాడు. అంతే, ఆ రోజు నుంచి మేమిద్దరం ఒక జట్టు!

జట్టు అన్నానే కానీ, మాకు ఒక్క రోజు కూడా పొసగలేదు. ఆ మొదటి సైకిలు బెంగళూరులో ఎవరో వాడి అమ్మింది. దాని వెనక చక్రం మోసే చట్రమంతా ఒకే కీలు మీద ఊగుతుంది. కుదుపు మింగేది లావుపాటి ఉక్కు స్ప్రింగు. తర్వాత నేను కొన్నదానికి నాలుగు కీళ్ళు, కీలుకు రెండేసి చొప్పున ఎనిమిది బేరింగులు, స్ప్రింగు బదులు గాలి నింపిన షాకు. ఆయన ఒంటికీలు పక్షం, నేను నాలుగు కీళ్ళ పక్షం. ఏది మేలన్నదే మా పందెం.

"తిరిగే చోట్లు ఎన్ని పెడితే దుమ్ము దూరే చోట్లు అన్నమ్మా. దీన్ని చేసినోళ్ళు మన ఎర్రమన్ను చూడకుండా గీసినారు ఈ బొమ్మ" అనేవాడు.

"నీ దాంట్లో బ్రేకు పడితే వెనకంతా బిగుసుకుపోతాది పెద్దనాయనా. చక్రం రాయి మీద నిలవకుండా ఎగురుతాది. నాది బ్రేకు పట్టినా మెత్తగానే కుంగుతాది" అనేదాన్ని నేను.

మాటలతో తేలదని టమోటాలు తెచ్చాడు. సీటు కింద గుడ్డసంచిలో కిలో పండ్లు కట్టి, బాగేపల్లి దారిలో ఒక గుట్ట పైనుంచి నన్ను వదిలేవాడు. తను కింద గొడుగు వేసుకుని కూర్చుని, నేను దిగగానే సంచి విప్పేవాడు. బ్రేకు పట్టి దిగే మెట్ల లాంటి బండల దగ్గర ఒంటికీలు సైకిలు సగం పండ్లను పచ్చడి చేసింది. నాది మూడింటినే చిట్లించింది. నేను గంతులు వేశాను! ఆయన నా చెయ్యి పట్టి గాలి షాకు మీద పెట్టాడు. రొట్టె పెనంలా కాలుతోంది. "గుట్ట ఇంకా పొడుగుంటే ఇది ఇట్లే ఉంటాదా? నా స్ప్రింగు చూడు, పైన ఎట్లుండిందో కిందా అట్లే ఉండాది" అన్నాడు. నిజమే, దిగువకొచ్చేసరికి నా సైకిలు నడక మారడం నాకూ తెలుసు. పైకి ఒప్పుకోలేదంతే. చితికిన టమోటాలన్నీ పెద్దమ్మ రోట్లో నూరే ఊరిబిండిలో పడ్డాయి.

ఆ ఏడు వానల్లో నా సైకిలు బురదకొట్టుకుని వస్తే, నేను స్నానం చేసి వచ్చేలోగా ఆయనే కడిగిపెట్టాడు. నెల తిరక్కుండా అది కిర్రుమనడం మొదలుపెట్టింది. ఆయన మొహం వెలిగిపోయింది. "చెప్తిని గదా!" అంటూ షెడ్డు పక్కన ద్రాక్షపందిరిని మోసే రాతికూసాల మధ్య లాగిన తీగకు సైకిలు తగిలించి, కీళ్ళు విప్పాడు. బేరింగుల్లోంచి తుప్పునీళ్ళు కారాయి. ఆయన నవ్వు ఆగిపోయింది. బేరింగు వైపు చూశాడు, షెడ్డు మూలనున్న పంపు వైపు చూశాడు. ద్రాక్షకు మందు కొట్టే పంపు అది. ఆయన ట్రాక్టరును కడిగినట్టే, దాంతోనే నా సైకిలునూ కడిగాడు. ఆ జోరుకు నీళ్ళు బేరింగుల రబ్బరు సీళ్ళు దాటి లోపలికి పోయాయి.

నాకా సంగతి తెలియదు. ఆయన నోరు మూసుకుని ఉంటే పందెం ఆయనదే.

"నీ బండి తప్పేం లేదమ్మా. నా పంపు చేసిన పని. ఇది లెక్కలోకి రాదు, మళ్ళా మొదట్నించి చూస్తాము" అన్నాడు.

ఎంత మంచి మనిషండీ! నేను పిల్లలకు ప్రయోగం ఎలా చెయ్యాలో పాఠం చెప్తాను కానీ, గెలుపు చేజారుతుందని తెలిసీ నిజం చెప్పడం ఆ షెడ్డులోనే నేర్చుకున్నాను.

రెండింటికీ కొత్త బేరింగులు వేశాడు. ఒక ఆదివారం ఇది, మరో ఆదివారం అది తొక్కాలి. ఏడాది నిండాక విప్పి, ఎవరి బేరింగులు నిలిచాయో చూడాలి. బకెట్టు నీళ్ళు, తడిగుడ్డ తప్ప పంపు ముట్టకూడదు. ఈలోగా ఎవరు విప్పినా గీత తప్పి తెలిసిపోయేలా నట్ల మీద ఎర్ర పెయింటుతో నిటారుగా ఒక్కో గీత గీశాడు. ఆ ఏడాది నిండటానికి మూడు వారాల ముందు ఆయన వెళ్ళిపోయాడు.

దినాలయ్యాక, గడువు నిండిన ఆదివారం షెడ్డుకు వెళ్ళాను. రెండు సైకిళ్ళనూ పందిరికి తగిలించాను కానీ స్పానరు ఎత్తడానికి చెయ్యి రాలేదు. "ఇప్పమ్మా. ఇన్నాళ్ళూ మీ ఇద్దరి గలాటా విన్న్యా, నాకూ తెలియాల" అంది పెద్దమ్మ.

విప్పాను. నాదాంట్లో ఏడు బేరింగులు వెన్నలా తిరిగాయి. చైను పక్కనున్న ఎనిమిదోదాంట్లో మాత్రం ఇసుక కరకరలాడింది. ఆయనదాంట్లో దుమ్మే లేదు. కానీ బరువంతా ఒక్క కీలు మీదే పడి, రెండింటిలో ఒక బేరింగు వదులై ఊగుతోంది. ఒకటికి ఒకటి! సమానం! పట్టలేని సంతోషంతో తోట లోపలికి పరిగెత్తాను. "పెద్దనాయనా! ఎవురూ గెలవలా! మళ్ళా మొదలుపెట్టాల!" అని అరిచాను. అరిచాక గానీ గుర్తు రాలేదు.

చాలాసేపు అక్కడే తీగల కింద నిలబడి ఏడ్చాను.

తిరిగి వచ్చేసరికి పెద్దమ్మ కొంగు దోపుకుని బకెట్టు నింపుకుంది. "పంపు వద్దు గదా?" అని అడిగింది. వద్దన్నాను. తడిగుడ్డతో రెండు సైకిళ్ళనూ నెమ్మదిగా తుడిచింది. నేను కొత్త బేరింగులు వేసి నట్లు బిగించాను. పెద్దమ్మ పెయింటు డబ్బా మూత తీసి, కుంచె ముంచి, కళ్ళు చికిలించుకుంటూ మొదటి నట్టు మీద గీత గీసింది. ఆ గీత కాస్త వంకర పోయింది.