లక్ష్మణమ్మ పెదనాన్న కొడుకు

సాలూరు లారీ స్టాండులో టీ కొట్టు నడిపే దాలయ్యకి ఒక్కటే జబ్బు. మనిషి కనబడితే చుట్టరికం కలిపేస్తాడు. టీ పోసేలోపు ఊరు అడుగుతాడు, పంచదార కలిపేలోపు ఇంటిపేరు లాగుతాడు, గ్లాసు చేతికిచ్చేసరికి ఎదుటివాడు ఏదో ఒక వరస అయిపోయి ఉంటాడు. పంజాబు నుంచి లోడుతో వచ్చిన సర్దార్జీని కూడా వదల్లేదు. "మా సిన్నాన్న మిలట్రీలో సేసినాడు. ఆ లెక్కన నువ్వు నాకు తమ్ముడివే," అని తేల్చేశాడు. సర్దార్జీకి తెలుగు రాదు కాబట్టి ఒప్పుకున్నాడు. పక్కన టైర్ల కొట్టు సూరయ్య మాత్రం, పెళ్లిళ్లన్నింటికీ లాక్కుపోతాడన్న భయంతో, ఆరేళ్లుగా తన ఊరు చెప్పకుండా తప్పించుకు తిరుగుతున్నాడు.

అలాంటి దాలయ్య కంట్లో పడ్డాడు నరసింగరావు. శ్రీకాకుళం వైపు లారీ డ్రైవరు. మొదట జీతం తాగాడు, తర్వాత లైసెన్సు పోగొట్టుకున్నాడు, ఆఖరికి ఉన్న ఇల్లు కూడా తాగేశాడు. రెండేళ్లు ఊళ్లు పట్టుకు తిరిగి, ఈమధ్యే సాలూరు వచ్చి లారీ షెడ్డు అరుగు మీద టార్పాలిను కప్పుకుని పడుకుంటున్నాడు. తాగుడైతే మానేశాడు గానీ, ఎవరైనా పేరు అడిగితే సిగ్గుతో చచ్చిపోయేవాడు. అందుకే దాలయ్య అడిగిన రోజున నోటికొచ్చింది చెప్పాడు.

"గంగులు. మాది పాచిపెంట."

"పాచిపెంటేటి! మా ఇంటిదాని కన్నోరూరే గదా! ఒసే లక్ష్మణమ్మా, మీ పెదనాన్న కొడుకొచ్చినాడే! బావా, ఇన్నాళ్లూ ఏటైపోనావు?"

దాలయ్య భార్య లక్ష్మణమ్మ లోపల్నుంచి తొంగి చూసింది. "అన్నా, సిక్కిపోనావు," అని పళ్లెంలో అన్నం పెట్టింది.

నరసింగరావు తలవంచుకుని ముద్ద కలిపాడు. ఎవడో పాచిపెంట గంగులు తినాల్సిన అన్నం తను తింటున్నాడు.

దాలయ్యకి బావ అంటే స్టాండుకంతటికీ బావే. సూరయ్య కొట్టు వెనక గది ఖాళీ చేసి ఇచ్చాడు. డ్రైవర్లు మంచం, స్టవ్వు మోసుకొచ్చారు. యూనియన్ వాళ్లు యార్డు గేటు దగ్గర పని ఇచ్చారు. నరసింగరావు దండం పెట్టబోతే దాలయ్య కసిరేవాడు. "బావమరిదికి దండమేటి? సిగ్గునేదేటి నీకు?"

సిగ్గు లేకపోవడమా! నరసింగరావు దగ్గర సొంతానికి ఉన్నది అదొక్కటే.

ఏడాది గడిచింది. ఊళ్లో ఆధార్ కార్డులు తీస్తున్నారు. "కార్డుంటే నీ పని పర్మనెంటు సేస్తారట బావా, రేపే పోదాం," అన్నాడు దాలయ్య. నరసింగరావు దగ్గర ఉన్నది అసలు పేరుతో ఉన్న పాత ఓటరు కార్డు. అది చూపిస్తే బండారం బయటపడుతుంది. బావ కాని వాడికి గదెందుకు, పనెందుకు? మళ్లీ అరుగే గతి.

మర్నాడు పొద్దున్నే దుప్పటి మడతపెట్టి, టీ కొట్టుకి వెళ్లి, బల్ల మీద గది తాళంచెవి పెట్టాడు.

"దాలయ్యా, నేను నీ బావని కాదు. గంగుల్నీ కాదు. పాచిపెంట ఎటుందో కూడా నాకు తెల్దు. ఇప్పిలోరి నరసింగరావుని. ఇల్లు తాగేసినోణ్ణి. మీ అన్నం దొంగతనంగా తిన్నాను."

తలెత్తలేకపోయాడు. దాలయ్య మాత్రం టీ వడగట్టడం ఆపలేదు.

"ఒసే, మీ నాన్నకి అన్నలెంతమందే?"

"అన్నలేటి? మా నాన్నే పెద్దోడు," అంది లక్ష్మణమ్మ అట్టు తిరగేస్తూ. "నాకు పెదనాన్నెక్కడున్నాడు?"

నరసింగరావుకి విషయం బుర్రకెక్కడానికి కాసేపు పట్టింది. "అంటే... మొదట్రోజే తెలుసేటి?"

"అత్తోరూరు గదా, ఆ ఊరి కుక్కలు కూడా నాకు తెలుసు."

"మరి బావా అని ఎందుకు పిలిసినావు?"

"పేరు సెప్పడానికే నీ గొంతు వణికిపోనాది. ఆ దొంగ పేరెట్టి రోజూ పిలిస్తే నీకు అన్నం అరుగుతాదేటి? బావా అంటే పేరుతో పన్లేదు."

ఏడాది పాటు అందర్నీ మోసం చేస్తున్నానని కుంగిపోయినవాడు, ఇన్నాళ్లూ మోసపోయింది తనేనని తెలిసి ఇంకాస్త సిగ్గుపడ్డాడు. సూరయ్య వచ్చి తాళంచెవి తీసి అతని జేబులో పడేశాడు.

దాలయ్య గ్లాసు అందిస్తూ ఆలోచనలో పడ్డాడు. "ఇప్పిలోరంటే... ఆగాగు. మా అమ్మ తరపు లెక్కన నువ్వు నాకు సిన్నాన్నవుతావు!"

"సంపేస్తాను! బావగానే ఉంచు," అన్నాడు నరసింగరావు. స్టాండుకి వచ్చాక అతను గొంతెత్తి మాట్లాడటం అదే మొదలు.