వాచింది నా కాలు, పురుగులు ఆయన రక్తంలో

మాది మచిలీపట్నం పక్కన చిలకలపూడి. రోల్డ్‌గోల్డ్ నగలకి రాళ్ళు అంటించడం నా పని. నాలుగేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం పనిలో కూర్చుని ఉండగా ఒక్కసారిగా చలి పుట్టింది. చేతిలోని దుద్దు పక్కన పెట్టి లేచాను. ఇంటికొచ్చేసరికి ఒళ్ళు కాలిపోతోంది. కుడి గజ్జలో బిళ్ళ కట్టింది, పిక్క మీద ఎర్రగా చార. పక్కవీధి ఆర్‌ఎంపీ గారు "ఎక్కడో దెబ్బ తగిలుంటుందమ్మా" అని మాత్రలిచ్చారు. నాలుగు రోజుల్లో తగ్గింది. దెబ్బ తగిలిన గుర్తు మాత్రం నాకు లేదు.

రెండు నెలలకి మళ్ళీ అదే. మూడోసారి జ్వరం తగ్గినా పాదం వాపు తగ్గలేదు. మా ఆయన ప్రసాద్ ఆటో నడుపుతారు. ఆయనే ఆసుపత్రికి తీసుకెళ్ళారు. డాప్లర్ స్కాన్ చేసి రక్తనాళాలు నార్మల్ అన్నారు. వేలు పొడిచి చిన్న స్ట్రిప్ మీద రక్తం వేశారు. ఫైలేరియా నెగటివ్.

హమ్మయ్య అనుకుంటుండగా డాక్టరుగారు, "ఇది ఫైలేరియా వాపేనమ్మా. లింఫెడీమా అంటాం" అన్నారు.

"నెగటివ్ అన్నారు కదండీ?"

"పురుగు ఇప్పుడు లేకపోయుండొచ్చు. అది చేసిన డ్యామేజ్ మిగిలింది."

బోదకాలు అన్న మాట డాక్టరుగారు అనలేదు, నేనే మనసులో అనుకున్నాను. లేని పురుగుకి కాలెందుకు వాచాలో ఎంత ఆలోచించినా అర్థం కాలేదు.

వసుధగారనే సైంటిస్ట్ అక్కడే పరిచయమయ్యారు. దోమల వల్ల వచ్చే జబ్బుల్ని మనిషి ఒళ్ళు ఎలా ఎదుర్కొంటుందన్నది ఆవిడ పరిశోధన. నా రక్తంతోపాటు ఇంట్లోవాళ్ళదీ అడిగితే ఇచ్చాం. తొమ్మిదేళ్ళ మా పాపకి నెగటివ్. మా ఆయనకి పాజిటివ్!

ఆయన ప్యాంటు మడిచి రెండు కాళ్ళూ చూపించారు. "చూడండి మేడమ్, ఎక్కడైనా వాపుందా? పేర్లు తారుమారై ఉంటాయి."

మళ్ళీ చేశారు. మళ్ళీ పాజిటివే.

తిరుగు ప్రయాణంలో ఆటో నడుపుతూ ఆయన వెనక్కి తిరక్కుండానే, "నా వల్లే వచ్చిందంటావా కరుణా?" అని అడిగారు.

"ఏమోనండీ, నాకేం తెలుసు?" అన్నాను. అవుననలేదు గానీ కాదనీ అనలేదు. ఆ జవాబుకి ఇప్పటికీ బాధపడతాను.

ఆయనకి పురుగుల్ని చంపే డీఈసీ మాత్రలు మొదలుపెట్టారు. రెండో రోజుకే జ్వరం, తలనొప్పి. "బాగున్నవాణ్ణి మంచాన పడేశారు" అంటూ మాత్రలు అలమారలో పడేశారు. జబ్బు లేనట్టున్న మనిషికి మందు వల్ల జ్వరం రావడమేమిటో తోచక వసుధగారికి ఫోన్ చేశాను. ఆయన వినేలా స్పీకర్ పెట్టాను.

"ఒంట్లో పురుగు పిల్లలు చచ్చేటప్పుడు వచ్చే జ్వరమండీ అది. ఒకసారి డాక్టరుగారికి చూపించండి, సొంతంగా మానేయొద్దు. ఆయన ఒళ్ళు వాటిని చూసీ చూడనట్టు ఊరుకుంది. మీ ఒళ్ళు ఊరుకోలేదు, పోట్లాడింది. ఆ పోట్లాటలో మీ కాలు కూడా దెబ్బతింది."

"అంటే పోట్లాడటం తప్పాండీ?"

"తప్పని ఎలా అంటానండీ? ఒకే ఇంట్లో ఒకరికి ఇలా, ఇంకొకరికి అలా ఎందుకన్నదే నేను వెతుకుతున్నాను. నాకూ పూర్తిగా తెలీదు. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో మాత్రం ఎవ్వరం చెప్పలేం."

మా ఆయన మంచం మీద లేచి కూర్చున్నారు. "మేడమ్, నన్ను కుట్టిన దోమ రేపు మా పాపని కుడితే?"

"అందుకేనండీ ఆ మాత్రలు."

ఆయన లేచి అలమార తీశారు.

ఈ మధ్య చేసిన పరీక్షలో ఆయన రక్తంలో పురుగులు కనబడలేదు. నా కాలు మాత్రం పూర్తిగా మామూలు కాలేదు, కాదని డాక్టరుగారూ చెప్పేశారు. కిందటి వానాకాలం కాలి వేళ్ళ సందుల్లో ఒరిసి చర్మం పగిలి, మళ్ళీ చలిజ్వరం వచ్చింది. "ఈ జ్వరానికి పురుగు అక్కర్లేదమ్మా, ఆ చిన్న పగులు చాలు" అన్నారు డాక్టరుగారు. అప్పట్నుంచి రోజూ సబ్బుతో పాదం కడుక్కుని, వేళ్ళ సందులు తడి లేకుండా తుడుచుకుంటున్నాను. పని చేసేటప్పుడు కాలు స్టూలు మీద పెట్టుకుంటాను. మునుపటి కంటే జ్వరాలు తగ్గాయి. ఎందుకు నాకే ఇలా అన్నది ఇప్పటికీ తెలియదు.

తెలిసింది ఒక్కటే, అదే మీకు చెబుతున్నాను. మీ ఇంట్లో ఎవరికైనా కాలు వాస్తే, వాళ్ళని ఒక్కళ్ళనే ఆసుపత్రికి తీసుకెళ్ళకండి. కాళ్ళు బాగున్నవాళ్ళు కూడా వెళ్ళి రక్తం ఇవ్వండి.