రెంజల్ పోయిన రెండు పరుపులు

మొన్న రెంజల్ నుంచి మా మేనబావ ఫోన్ చేసి, వాళ్లమ్మ, అంటే మా మేనత్త, మంచం పట్టి లేవలేకపోతోందనీ, నడుం దగ్గర చర్మం కమిలి ఎర్రబడిందనీ, డాక్టరు పరుపు మీద మెత్తటి టాపర్ ఒకటి వేయమన్నాడనీ, నేను నిజామాబాద్‌లోనే ఉంటాను కాబట్టి నాలుగు దుకాణాలు చూసి మంచిది ఏరి పంపమనీ అడిగాడు. సరేనన్నాను. ఫోన్ పెట్టేశాక నాలో నేనే నవ్వుకున్నాను. అది మంచి నవ్వు కాదు.

గాంధీచౌక్ దగ్గరి దుకాణంలో అమ్మాయి ఓపికగా ఒక్కొక్కటే పరిచి చూపించింది. మరీ మెత్తనిదైతే మనిషి కూరుకుపోయి తుంటి ఎముక అడుగుకు తగులుతుందట, మరీ గట్టిదైతే ఎముక ఉన్నచోటల్లా ఒత్తుకుంటుందట, ఫోము ఒంటికి వేడి చేస్తుంది, రబ్బరుది బరువే గానీ గాలి ఆడుతుంది, పక్కకు తిరగలేని మనిషికి నాలుగు వేళ్ల మందమైనా ఉండాలి. అందరూ అరచేత్తో నొక్కి చూస్తుంటే నేను మోచేయి ఆనించి నొక్కాను, ఎందుకంటే మంచాన పడ్డ మనిషి ఒంట్లో మిగిలేవి ఎముకలే. ఒక మూల అట్టలాంటిది, పలచటిది ఒకటి ఉంది. మోచేయి పెట్టగానే కింది బల్ల తగిలింది. ఇది పంపితే ఎలా ఉంటుందా అని దాని మీద చేయి వేసుకుని చాలాసేపు నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానో చెబుతాను.

మా బాపు బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, చెరుకాడే క్రషింగ్ మొదలైతే ఊరంతా పాకం వాసన, రోడ్డు పొడుగునా చెరుకు బండ్ల బారు, బండివాడు చూడకుండా ఒక గడ గుంజుకుని పరుగెత్తడం. అలాంటి ఒక సీజన్‌లోనే మా అవ్వ, అంటే మా అమ్మ, మంచం పట్టింది, వీపున పుండ్లు లేచాయి. బాపు కొత్త దూది తెచ్చి, దూదేకే సాయెబును వాకిట్లో కూర్చోబెట్టి, దగ్గరుండి ఏకించి పరుపు కుట్టించాడు. దాని మీద పడుకున్న మొదటిరోజు అవ్వ మూలగలేదు.

ప్రాణం పోయిన పరుపును ఇంట్లో ఉంచుకోకూడదని అప్పట్లో మాలో గట్టి పట్టింపు. ఎంత కొత్తదైనా ఊరవతల పారేయాల్సిందే. అవ్వను చూసుకుంటానని వచ్చిన మేనత్త, ఒక మధ్యాహ్నం బాపు డ్యూటీలో ఉండగా, అవ్వ ఎగశ్వాస పీలుస్తుంటే చూసి, ఇక ఈ పూట గడవదని తేల్చేసి, బంగారంలాంటి పరుపు మట్టిపాలవుతుందని అవ్వను ఈతచాప మీదికి దింపించింది. పరుపును చుట్టి, చెరుకు దించి ఖాళీగా రెంజల్ మళ్లుతున్న బండి మీద వేయించింది. పోయే మనిషిని కిందికి దించడమూ ఆచారమే కాబట్టి ఎవరూ నోరెత్తలేదు.

కానీ అవ్వ పోలేదు. క్రషింగ్ అయిపోయేదాకా, ఆ చలిలో, బండల మీద బతికింది. బాపు ఇంకో పరుపు కుట్టిస్తానంటే, చాప మీదికి దించిన మనిషిని మళ్లీ పరుపెక్కిస్తే ఇంటికి అరిష్టమని మేనత్తే అడ్డుపడింది, అక్క మాటకు బాపు ఎదురు చెప్పలేకపోయాడు. నేను పాత చీరలు మడిచి తుంటి కింద పెట్టేదాన్ని. అయినా చాప ఈనెలు పుండ్లలో అచ్చు పడేవి. ఆ తర్వాత రెంజల్ పోయినప్పుడల్లా మా పరుపు మీద బావ దర్జాగా దొర్లుతూ కనిపించేవాడు. మరదలికి చివరిదాకా చాకిరీ చేసింది తానేనని మేనత్త పదిమందిలో చెప్పుకుంటుంటే నేను పళ్లు నూరుకుంటూ కూర్చునేదాన్ని. కాలంతో కోపం కరుగుతుందంటారు. నాది కరగలేదు, నేను కరగనివ్వలేదు.

ఆ అట్టలాంటిది వదిలేశాను. అది పంపితే ఆమెకు నొప్పి మాత్రమే తెలుస్తుంది, ఎందుకో తెలియదు. దుకాణంలో అన్నిటికన్నా మంచిది, నాలుగు వేళ్ల మందం రబ్బరుది, ఉతుక్కునే కవరుతో సహా తీసుకుని, ట్రాలీ ఆటోలో వేయించి నేనే వెంట వెళ్లాను. బావా నేనూ కలిసి దాన్ని పరిచి మేనత్తను మెల్లగా దాని మీదికి దొర్లించాం. ఆమె ముఖం ఒక్కసారిగా సడలింది. నా చెయ్యి పట్టుకుని, "ఎంత మెత్తగున్నది బిడ్డా, నువ్వు సల్లగుండాలె" అంది. బావ చాయ్ పెట్టిస్తానని లోపలికి పోయాడు. నేను వంగి ఆమె చెవి దగ్గర నెమ్మదిగా చెప్పాను.

"సచ్చినోళ్ల పరుపులు ఇప్పుడు ఎవ్వలు పారేస్తలేరు అత్తమ్మా, ఎండల ఏసి వాడుకుంటుండ్రు. గందుకే, నీ పాణం పోయేదాక దీన్ని నీ కిందికెల్లి ఎవ్వలు గుంజరు. నిమ్మళంగ పండుకో."

ఆమె చెయ్యి నా చేతిలోంచి జారిపోయి, పరుపు అంచును గట్టిగా పట్టుకుంది. ఆమె కూడా మరిచిపోలేదన్నమాట. ఆ ఒక్క సంగతి కళ్లారా చూడటానికే ఇన్నేళ్లు ఆగినట్టుంది నేను. చాయ్ తాగకుండానే లేచాను.

తిరిగి వస్తుంటే బోధన్‌లో ఫ్యాక్టరీ పొగగొట్టం పొగ లేకుండా నిలబడి ఉంది. దూదేకే చప్పుడు వీధుల్లో వినపడక ఎన్నాళ్లయిందో. ఇప్పటివాళ్లు పరుపులను ఫోన్‌లోనే చూసి ఇంటికి తెప్పించుకుంటున్నారు, పాత పట్టింపులు ఎవరూ పొమ్మనకుండానే ఒక్కొక్కటీ పోయాయి. మంచిదే అంటారందరూ. నాకు మాత్రం వాటి మీదా కసే. ఇంత తేలిగ్గా పోయేవే అయితే ఆ చలికాలానికి ముందే పోయి ఉంటే ఏం, మా అవ్వ తన పరుపు మీదే పోయేది.