గ్లైడర్ రెక్కలకు సీల్ వేసిన మా స్వరూపక్క

నిన్న పొద్దున భివండి పక్కన కాల్హేర్ గోడౌన్‌లో డ్యూటీ ఎక్కి స్కానర్ చేతిలోకి తీసుకున్నానో లేదో, చిన్నమ్మ ఫోన్.

"సుజ్జీ, అక్క లేస్తలేదే."

అంతే. వెనకాల సాంచెల, అదే మరమగ్గాల, చప్పుడు మాత్రం వినిపిస్తోంది.

ఆటోలో చిన్నమ్మ వాళ్లుండే నిజాంపురా చేరేసరికి గల్లీ నిండా జనం. మా స్వరూపక్క వెళ్లిపోయింది. చిన్నమ్మకు ఒక్కతే బిడ్డ.

ఇదంతా రాసే ఓపిక లేదు. కానీ అక్క ఏం పని చేసేదో మన చుట్టాల్లో చాలామందికి ఇప్పటికీ తెలియదు. నిన్న కూడా ఎవరో "విమానాల కంపెనీల ఏదో చేసేదట" అంటుంటే విన్నాను. అందుకే రాస్తున్నాను.

అక్క విమానాల రిపేర్ డిప్లొమా చేసింది. స్కూల్ రోజుల నుంచి చిన్నమ్మతో పాటు సాంచెల మీద పనిచేస్తూనే చదివింది. ఎయిర్‌పోర్ట్ జాబ్ రాలేదు. ఇంటర్వ్యూలకు తిరిగి తిరిగి, చివరికి నాతో పాటు కాల్హేర్‌లో ప్యాకింగ్‌కు వచ్చింది. పొద్దంతా డబ్బాలకు టేప్ వేయడమే.

ఒకరోజు మా పక్క గోడౌన్‌లోకి పొడుగాటి ట్రైలర్ వచ్చింది. లోపల రెక్కలు ఊడదీసి పెట్టిన గ్లైడర్. ఇంజిన్ లేని విమానం అది, గాలి మీదే తేలుతుంది. దాని ఓనర్ రిటైరైన మరాఠీ సార్. అందరం కాకా అనేవాళ్లం. పాతది కొన్నాడు, బాగుచేసి ఎగరాలని ఆయన ఆశ.

అక్క లంచ్ టైమ్‌లో వెళ్లి షట్టర్ దగ్గర నిలబడి చూసేది. కొన్నాళ్లకు కాకానే పిలిచాడు. "అందర్ ఆ జా, బేటీ."

ఆ తర్వాత మా ఆదివారాలన్నీ అక్కడే.

గ్లైడర్ రెక్క వెనక అంచున పైకీ కిందికీ కదిలే పలక ఉంటుంది. రెక్కకూ ఆ పలకకూ మధ్య సందు. ఆ సందులోంచి గాలి దూరితే గ్లైడర్ తొందరగా కిందికి దిగిపోతుంది. అందుకని పలచటి ప్లాస్టిక్ పట్టీ అంటించి సందు మూస్తారు. దాన్నే సీల్ అంటారు. ముందు అంచుకే జిగురు. వెనక అంచు వదులుగా పలక మీద ఆనుకుని ఉండాలి, లేకపోతే పలక కదలదు.

అక్క పాత జిగురును గీకి తీసి, స్పిరిట్‌తో తుడిచి, గీత గీసుకుని అంటించేది. నేను రెండో కొస పట్టుకునేదాన్ని.

భివండిలో ఈ పని ఎంత కష్టమో చెప్పాలి. ఇక్కడ గాలిలో ఎప్పుడూ పత్తి నుసే. ఎండాకాలంలో షట్టర్ దించి, ఫ్యాన్ ఆపి, నేల మీద నీళ్లు చల్లి చేసేవాళ్లం. చెమటకు బట్టలు ఒంటికి అతుక్కుపోయేవి.

ఒకసారి పొడుగు పట్టీ మొత్తం అంటించాక, కింద వెంట్రుకంత నుసి పోగు కనిపించింది. నాకు అప్పటికే నడుము పడిపోయింది.

"ఉండనియ్యి అక్కా. గంత పైన ఎవ్వలు చూస్తరు?"

"అక్కడి నుంచే లేస్తదే. పైన ఊడితే మనిషి ఉంటడు గద లోపల" అంది.

మొత్తం పీకేసింది. మళ్లీ మొదటి నుంచి. మధ్యలో దగ్గు వచ్చినప్పుడల్లా రెక్కకు దూరంగా వెళ్లి దగ్గి వచ్చేది. ఆ దగ్గును మేమెవరం పెద్దగా పట్టించుకోలేదు. సాంచెల మీద పనిచేసిన వాళ్లందరూ దగ్గుతారు కదా అనుకున్నాం.

ఇంజినీర్ వచ్చి అన్నీ చెక్ చేసి ఓకే అన్నాక, ఘాట్ కొండల అవతల ఒక రన్‌వేకు తీసుకెళ్లారు. నేనూ వెళ్లాను. కాకా ఎగిరి వచ్చి, దిగీ దిగగానే అక్క రెండు చేతులూ పట్టుకున్నాడు. "కిత్నా శాంత్ హై అబ్" అన్నాడు. చప్పుడే లేదంట లోపల.

అక్క నవ్వింది. అక్క అట్లా నవ్వడం నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

కాకా వెనక సీట్లో కూర్చుని ఎగరడానికి తర్వాతి టర్న్ అక్కదే. హెల్మెట్ ఉంటదా ఉండదా అని నన్ను అడుగుతోంది. ఇంతలో మబ్బులు దిగాయి. అగ్‌లే సండే అన్నాడు కాకా.

ఆ ఆదివారం రాలేదు. వానలు మొదలయ్యాయి. వానలు పోయేసరికి రన్‌వే స్థలాన్ని దాని యజమాని ఎవరికో అమ్మేశాడు. గ్లైడర్ మళ్లీ ట్రైలర్‌లో కాల్హేర్‌కే వచ్చింది. గోడౌన్‌లో చోటు లేక ఎండలో పెట్టారు.

అప్పటికే అక్క మెట్లెక్కలేకపోతోంది. ఊపిరితిత్తులు గట్టిపడ్డాయి, మందులతో ఆపగలమేమో గానీ బాగుచేయలేం అన్నారు డాక్టర్. ఆపడం కూడా కాలేదు. ఇంటికి ఆక్సిజన్ సిలిండర్ వచ్చింది.

అయినా ఓపిక ఉన్న రోజు ఆటో ఎక్కి కాల్హేర్ వచ్చేది. ట్రైలర్ వెనక తలుపు తీయించి, ఊడిన సీల్స్ మళ్లీ అంటించేది. కొద్దిసేపు అంటించి, కూర్చుని, మళ్లీ అంటించేది.

"ఇగ ఎగరనిదానికి ఎందుకక్కా?" అన్నాను ఒకసారి.

"ఎండకు లేస్తున్నయే. చూడబుద్ధైతలేదు."

నేను కొస పట్టుకున్నాను.

నిన్న సాయంత్రం అన్నీ అయిపోయాక కాకా వచ్చాడు. గుమ్మం బయటే చెప్పులు విడిచి నిలబడ్డాడు. చిన్నమ్మకు ఆయన్ని చూడటం అదే మొదటిసారి.

"నా బిడ్డ ఒక్కపారన్న ఎగిరిందా అడుగు" అంది నాతో.

నేను హిందీలో అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

చిన్నమ్మ చాప మడుచుకుని లోపలికి వెళ్లింది.

దీనికి ఓదార్పు మాట ఏదైనా రాద్దామని పొద్దుటి నుంచి చూస్తున్నాను. దొరకడం లేదు.

పోయిరా అక్కా. నువ్వున్న చోట నీకు ఊపిరి సులువుగా ఆడాలి. నిమ్మళంగా పడుకో.