ఈశ్వరమ్మ బర్రె

నానక్‌రామ్‌గూడలో షేర్ ఆటో ఎక్కి “ఏనుగు కాడ ఆపు” అంటే ఏ డ్రైవరైనా ఆపుతాడు. అక్కడ ఏనుగు లేదు, ఏనాడూ లేదు! ఈశ్వరమ్మ పశువుల కొట్టం గోడ మీద ఉన్నది బర్రె. ఇరవై ఏళ్ల కిందట, బోర్డులు రాసే రామచంద్రం, పాలకొచ్చేవాళ్లకు గుర్తుగా ఉంటుందని ఆమె బర్రె లచ్చిని ఎదుట నిలబెట్టి బొమ్మ వేశాడు. అది కుదురుగా నిలబడితేనా! నాలుక సాచి మూతి నాక్కుంటూనే ఉంది. ఆ మహానుభావుడు కనబడింది కనబడినట్టే దించాడు. నాలుక తొండమైంది, కిందికి వంగిన కొమ్ములు దంతాలయ్యాయి. చూసినవాళ్లు ఏనుగన్నారు, ఆ పేరే ఖాయమైంది.

ఆమె ముందు ఎవరైనా ఆ మాటంటే, “కండ్లు పోయినయా?” అని మీద పడుతుంది. నేను మణికొండ నుంచి వచ్చి రోజూ అక్కడే దిగుతాను, ఈ తిట్లు వింటూనే ఉంటాను. లచ్చిని మేపిన బీడు మీద టవర్లు లేచాయి. లచ్చి కూడా పోయింది. దానికి ఫోటో ఒక్కటీ లేదు, ఆ బొమ్మే మిగిలింది.

ఈ ఎండాకాలం ఎదురు టవర్‌లోని ఒక కంపెనీకి పాత ఊరి మీద ప్రేమ పొంగుకొచ్చింది. ఊరిని మింగినవాళ్లకే ఊరి మీద బెంగ, చోద్యం కాకపోతే! గోడలకు బొమ్మలు వేయిస్తామంటూ ఆదర్శ్ అనే కుర్రాడిని పంపారు. అతను తెచ్చిన డిజైన్‌లో గోడ నిండా అంబారీ ఏనుగు.

“ఈ స్టాపు పేరే ఏనుగు కదండి. అందరికీ అదే గుర్తు,” అన్నాడు.

“పేరు మీరు పెట్టుకున్నరు, గోడ నాది. అందరు పిండిన్రా దాని పాలు? నేను పిండిన. అది నా లచ్చి. పో!”

అతను నవ్వి వెళ్లిపోయాడు. మర్నాడు ఆమె చందానగర్‌లో కూతురింటికి వెళ్లి వచ్చేసరికి ఆదర్శ్ దగ్గరుండగా పనివాళ్లు తోక వైపు నుంచి తెల్లరంగు కొట్టేస్తున్నారు. ఆటో దిగిన మేమంతా గుంపుగా చేరాం. ఈశ్వరమ్మ నులకమంచం ఈడ్చుకొచ్చి గోడకు ఆనించి కూర్చుంది.

“నన్ను గూడ కలిపి పూయున్రి తెల్లగ.”

“మీరు పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటే ఎలాగండీ?” అన్నాడు ఆదర్శ్.

“మూడో నాలుగో నాకెందుకు? నా బర్రెకు ఏనుగు కాళ్లు పెట్టకు.”

పక్క గల్లీలోనే పుట్టి పెరిగిన ఆటో డ్రైవర్ దినేశ్ కలగజేసుకున్నాడు. “పెద్దమ్మా, పాత బొమ్మకు గింత లొల్లి ఏంది? నిజం ఏనుగు బొమ్మొస్తే మన అడ్డాకే షాన్, పేరొస్తది గదా!”

ఆమె చివ్వున లేచింది.

“నువ్వు పుట్టినప్పుడు మీ అమ్మకు పాలు పడలే. ఎవరి పాలు తాగి బతికినవ్ రా? ఏనుగు పాలా?”

గుంపు గొల్లుమంది. దినేశ్ మాత్రం నవ్వలేదు.  ఖాకీ చొక్కా విప్పి, నీళ్ల బకెట్లో ముంచి, ఆరని తెల్లరంగును తుడవడం మొదలుపెట్టాడు. ఆదర్శ్ ఆగమంటున్నా వినలేదు.

“జర మెల్లగ రా,” అంది ఈశ్వరమ్మ. “తోక ముట్టుకుంటె తన్నుతది.”